క్లచ్ ప్లేటు నిజంగా అరిగిందని గేర్‌బాక్సు దించకముందే తెలుసుకోవడం ఎలా?

ఓరుగల్లు_ప్రయాణం:

సభ్యులందరికీ నమస్కారం. మాది కేబుల్ క్లచ్ ఉన్న ఒక లీటరు పెట్రోలు కారు, 2014 మోడలు. మీటరు మీద 86,000 కిలోమీటర్లు దాటాయి. ఇప్పటిదాకా క్లచ్ జోలికి ఎవరూ పోలేదు. ఇటీవల ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్ళినప్పుడు, ఘాట్ రోడ్డు మీద మూడో గేరులో ఎక్సిలరేటర్ నొక్కితే ఇంజను హోరు పెరిగింది గానీ బండి మాత్రం ముందుకు లాగలేదు. రెండో గేరులోకి వచ్చాక కొంత సర్దుకుంది. కొండ మీద బండి ఆపాక ముందు భాగం నుంచి మాడిన వాసన వచ్చింది.

ఊరికి తిరిగి వచ్చాక ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఒకరు క్లచ్ సెట్ మొత్తం మార్చాల్సిందే అన్నారు. మరొకరు కేబుల్ కొంచెం బిగిస్తే సరిపోతుందన్నారు. మొదటి మాట వింటే గేర్‌బాక్సు దించాలి, ఖర్చు వేలల్లో ఉంటుంది. రెండో మాట వింటే అరగంట పని. ఇద్దరూ బండి నడిపి చూడలేదు, పెడల్ తొక్కి చెప్పినవారే. ప్లేటు నిజంగానే అరిగిందో లేదో బండి విప్పకుండా నిర్ధారించుకునే మార్గం ఏదైనా ఉంటే అనుభవం ఉన్నవారు వివరించగలరని మనవి.

ఆటోనగర్_పనిముట్టు:

ఓరుగల్లు గారూ, మీరు రాసిన లక్షణం క్లచ్ జారడమే అనిపిస్తోంది. అయితే క్లచ్ జారుతోందంటే ప్లేటు అరిగిపోయిందని వెంటనే తీర్మానించకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. కేబుల్ సర్దితే తీరిపోయే జారుడుకు సెట్ మార్పించుకున్నవారూ నా దగ్గరకు వచ్చారు, సెట్ మార్చాల్సిన బండికి కేబుల్ తిప్పించుకుంటూ ఫ్లైవీలును పాడుచేసుకున్నవారూ వచ్చారు.

ఇంజను వెనక తిరిగే ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నలిగి ఉంటుంది. ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు ఆ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టుకుంటుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఆ స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది, అప్పుడు పట్టు సడలుతుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు కేబుల్ క్లచ్ ఉన్న చాలా కార్లలో బేరింగుకూ స్ప్రింగు వేళ్ళకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి. పెడల్ దగ్గర దాన్నే మనం ఫ్రీ ప్లే అంటాం. చేత్తో పెడల్‌ను మెల్లగా నొక్కితే మొదట ఏ బరువూ లేకుండా కొంత దూరం వెళ్ళి, ఆ తరువాత గట్టిగా తగలాలి. ఎంత దూరం ఉండాలో మీ బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్ళు బేరింగు వైపుకు జరుగుతూ వస్తాయి, ఫ్రీ ప్లే తగ్గుతూ పోతుంది. దాన్ని ఎవరూ సర్దకుండా వదిలేస్తే ఒక రోజుకు ఖాళీ పూర్తిగా పోయి, మీరు పెడల్ తొక్కకపోయినా బేరింగు స్ప్రింగును నొక్కుతూనే ఉంటుంది. అంటే మీకు తెలియకుండానే బండి నిరంతరం హాఫ్ క్లచ్‌లో నడుస్తుంది. ప్లేటు మీద ఇంకా మందం మిగిలి ఉన్నా క్లచ్ జారుతుంది. అప్పుడు చేయాల్సింది కేబుల్‌ను వదులు చేయడం. మీ రెండో మెకానిక్కు బిగించాలని అన్నారంటే అది సరిగ్గా వ్యతిరేక దిశ. గేర్లు పడకపోతే బిగిస్తారు, క్లచ్ జారితే వదులు చేస్తారు. ఈ తేడా తెలియని చేతికి బండి ఇవ్వకండి.

కాబట్టి ముందు పెడల్ దగ్గర ఫ్రీ ప్లే ఉందో లేదో చూసి చెప్పండి. పెడల్ ఎంత ఎత్తుకు వచ్చాక బండి అందుకుంటోందో కూడా రాయండి.

యంత్రశాల_బోధకుడు:

పై వివరణకు కొంత జోడిస్తాను. నేను పాలిటెక్నిక్ కళాశాలలో ఆటోమొబైల్ విభాగంలో పాఠాలు చెబుతాను.

క్లచ్ మోయగలిగే టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, ఒక హద్దు ఉంటుంది. కొత్తదానిలో ఆ హద్దు ఇంజను ఇవ్వగలిగే గరిష్ఠ టార్క్ కంటే తగినంత ఎక్కువగా ఉండేలా తయారుచేస్తారు. ప్లేటు అరిగినా కొంతకాలం వరకు డయాఫ్రమ్ స్ప్రింగు పట్టు పెద్దగా తగ్గదు. అది ఆ స్ప్రింగు ఆకారంలోనే ఉన్న గుణం. ఒక హద్దు దాటిన తరువాత మాత్రం పట్టు త్వరగా పడిపోతుంది. అందువల్లనే ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ చూపని క్లచ్ కొద్ది వారాల్లోనే బాగా జారడం మొదలుపెడుతుంది, యజమానికి అది హఠాత్తుగా వచ్చిన జబ్బులా కనిపిస్తుంది.

జారుడు మొదట బయటపడేది పై గేర్లలో, ఇంజను గరిష్ఠ టార్క్ ఇచ్చే చోట. మొదటి గేరులో బండి చప్పున వేగం అందుకుంటుంది కాబట్టి క్లచ్ మీద పూర్తి భారం ఎక్కువసేపు ఉండదు. నాలుగో గేరులో, లేదా ఎత్తు ఎక్కుతూ మూడో గేరులో పూర్తి ఎక్సిలరేటర్ ఇస్తే ఆ భారం నిలకడగా ఉంటుంది. వ్యాగన్ఆర్‌లో వచ్చిన ఒక లీటరు కె సిరీస్ పెట్రోలు ఇంజను 90 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను 3500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తే, స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజను 190 న్యూటన్ మీటర్లను 2000 దగ్గరే ఇచ్చేది. అందుకే టర్బో డీజిల్ బండ్లలో టర్బో అందుకునే క్షణంలోనే జారుడు తెలిసిపోతుంది, చిన్న పెట్రోలు బండ్లలో ఇంకొంచెం పైన వెతకాలి.

చెవికంటే నమ్మకమైన పరీక్ష ఒకటి ఉంది. ఒకే గేరులో ఉన్నంతసేపూ ఆర్‌పీఎంకూ వేగానికీ ఉన్న నిష్పత్తి మారకూడదు. చదునైన రోడ్డు మీద నాలుగో గేరులో ఎక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి గంటకు 60 కిలోమీటర్ల దగ్గర నిలకడగా నడుపుతూ, పక్కన కూర్చున్నవారితో ఆర్‌పీఎం రాయించండి. అది 2400 అనుకుందాం. తరువాత ఒక ఎత్తు మీద, అదే గేరులో, పూర్తి ఎక్సిలరేటర్‌తో అదే 60 వచ్చినప్పుడు మళ్ళీ చూడండి. అప్పుడూ 2400 ఉంటే క్లచ్ పట్టుకుని ఉంది. 2700 చూపిస్తే ఆ మూడు వందల తేడా ప్లేటుకూ ఫ్లైవీలుకూ మధ్య రాపిడిగా మారి వేడి పుట్టిస్తోందని అర్థం. ఓబీడీ రీడరు (బండి కంప్యూటరులోని అంకెలను చదివే చిన్న పరికరం) ఉంటే ఫోను తెర మీద రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నడిపేవారు మాత్రం అంకెల వైపు చూడకూడదు.

శేషాచలం_దారి:

నేను తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవారికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవారికి అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఎక్కే దారిలో క్లచ్ జబ్బులు బయటపడ్డ బండ్లు తరచుగా కనిపిస్తాయి. అయితే వాసన వచ్చిన ప్రతి బండికీ ప్లేటు అరగలేదని నేను గట్టిగా చెప్పగలను. మలుపు దగ్గర ముందు బండి నెమ్మదిస్తే, బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌లో ఎక్సిలరేటర్‌తో బండిని ఎత్తు మీద నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. అలా రెండు నిమిషాలు నిలబెడితే కొత్త ప్లేటైనా మాడు వాసన వేస్తుంది. వాసన ఒకసారి వచ్చి, చల్లారాక మళ్ళీ రాకుండా, ఆర్‌పీఎం కూడా సక్రమంగా ఉంటే కంగారు పడనక్కరలేదు. మామూలు రోడ్డు మీద, మామూలు వేగంతో వెళుతున్నా వాసన వస్తోందంటే మాత్రం అది వేరే సంగతి.

ఇంకొక పొరపాటు కూడా చూస్తుంటాను. బండి లాగకపోతే వెంటనే క్లచ్ మీద పడతారు. ఎక్సిలరేటర్ నొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి పోతూ వేగం పెరగకపోతేనే అది క్లచ్. ముల్లూ లేవకుండా, వేగమూ పెరగకుండా ఉంటే ఫిల్టరు, టర్బో గొట్టం, ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు ఇవన్నీ ముందు చూడాలి. ఓరుగల్లు గారి బండిలో హోరు పెరిగిందన్నారు కాబట్టి క్లచ్ వైపే అనుమానం వెళుతోంది.

ఓరుగల్లు_ప్రయాణం:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన ప్రకారం చేసి చూశాను. చేత్తో నొక్కితే పెడల్ మొదటి నుంచే గట్టిగా ఉంది, ఖాళీ దూరం దాదాపు లేదు. కాలు దాదాపు పూర్తిగా వదిలాకనే బండి కదులుతోంది. మునుపటికంటే పెడల్ బరువుగా కూడా అనిపిస్తోంది, రోజూ నడపడం వల్ల ఆ మార్పును ఇంతవరకు పట్టించుకోలేదు.

ఆర్‌పీఎం పరీక్ష కాజీపేట దాటాక ఖాళీ రోడ్డు మీద చేశాం. చదునులో నాలుగో గేరులో 60 దగ్గర 2450 చూపించింది. చిన్న ఎత్తు మీద పూర్తి ఎక్సిలరేటర్‌తో అదే వేగం దగ్గర 2900 దాకా వెళ్ళింది. ఎక్సిలరేటర్ కొంచెం వదలగానే ముల్లు కిందికి పడిపోయి బండి అందుకుంది.

ఆటోనగర్_పనిముట్టు:

అయితే జారుడు ఖాయం. కారణం ఇంకా తేలలేదు. ఇప్పుడు కేబుల్‌ను వదులు చేయించి, మాన్యువల్‌లో చెప్పినంత ఫ్రీ ప్లే తెప్పించండి. గేర్‌బాక్సు దగ్గర కేబుల్ చివర మరలు ఉన్న కడ్డీ, దాని మీద నట్టు కనిపిస్తాయి. ఆ నట్టును విప్పేవైపు తిప్పడానికి ఇంకా మరలు మిగిలి ఉన్నాయా, లేక ఇప్పటికే చివరకు వచ్చేసిందా అని మీరే వంగి చూడండి. పాత సర్దుబాట్లన్నీ ఆ మరల మీద గుర్తులుగా ఉంటాయి. నట్టు చివరి అంచుకు వచ్చి ఉండి, అయినా ఫ్రీ ప్లే దొరకడం లేదంటే ప్లేటు మందం అయిపోయిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

సర్దిన తరువాత అదే రోడ్డు మీద అదే పరీక్ష మళ్ళీ చేయండి. తేడా పూర్తిగా పోతే కొంతకాలం నిశ్చింతగా తిరగవచ్చు. తగ్గి, మళ్ళీ కొద్ది రోజుల్లో వస్తే సెట్ మార్చడమే మార్గం. పెడల్ బరువెక్కడం గురించి మీరు రాసింది ముఖ్యమైన విషయం. మామూలు క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్ళు లేచి నిలబడతాయి, వాటిని వంచడానికి ఎక్కువ బలం కావాలి. కేబుల్ లోపల తుప్పు పట్టినా పెడల్ బరువెక్కుతుంది కాబట్టి కేబుల్‌ను బేరింగు వైపు నుంచి విడదీసి, చేత్తో అటూ ఇటూ లాగి చూడమనండి. అది నూనె రాసినట్టు జారితే బరువు క్లచ్‌లోనిదే.

కోనసీమ_కారు:

మా బండికి హైడ్రాలిక్ క్లచ్, అంటే కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేది. పెడల్ మెత్తగా స్పాంజిలా దిగిపోతోంది, ఉదయం పూట రివర్సు గేరు గరగరమంటోంది. రెండు మూడు సార్లు పంపింగు చేసినట్టు తొక్కితే గేరు పడుతోంది. అమలాపురంలో చూపిస్తే ప్లేటు అరిగిందన్నారు. ఇది కూడా పై సమస్యేనా, లేక వేరా?

డిపో_గ్యారేజి:

కోనసీమ గారూ, మీది వేరు, దాదాపు ఎదురు సమస్య. నేను ఆర్టీసీ డిపోలో బస్సుల క్లచ్‌లు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బస్సు అయినా కారు అయినా క్లచ్ జబ్బులు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోకపోవడం, రెండు వదలాల్సినప్పుడు వదలకపోవడం, మూడు చప్పుడు లేదా వణుకు. ప్లేటు అరిగితే కనిపించేది మొదటిది. గేరు గరగరమనడం రెండోది. అరిగిన ప్లేటు సన్నబడుతుంది కాబట్టి దానివల్ల క్లచ్ వదలకపోవడం అరుదు.

ఒక పరీక్ష చేయండి. ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి, మృదువుగా పడాలి. తరువాత ఇంజను స్టార్టు చేసి, పెడల్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్సు వేయండి. చాలా బండ్లలో రివర్సుకు సింక్రోమెష్ (గేరు పళ్ళ వేగాలను కలిపి మృదువుగా పడేలా చేసే అమరిక) ఉండదు కాబట్టి లోపలి షాఫ్టు ఆగకుండా తిరుగుతుంటే ఆ గేరే ముందు చెబుతుంది. ఇంజను ఆపినప్పుడు బాగా పడి, నడుస్తున్నప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. రెండు మూడు సార్లు తొక్కితే సర్దుకుంటోందన్నారు కాబట్టి లైనులో గాలి చేరిందో, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరు గానీ గేర్‌బాక్సు దగ్గరి స్లేవ్ సిలిండరు గానీ లీకవుతోందో చూడాలి. రిజర్వాయరులో ఫ్లూయిడ్ మట్టం ఎంత ఉందో ఈ రోజే చూడండి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది, అందువల్ల మట్టం తగ్గడాన్ని క్లచ్ సమస్యగా మాత్రమే చూడకూడదు. పెడల్ పైన కార్పెట్ దగ్గర తడి, గేర్‌బాక్సు పక్కన గొట్టం వెంట తడి వెతకండి. కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండరు గేర్‌బాక్సు లోపలే బేరింగుతో కలిసి ఉంటుంది, అప్పుడు కింది నుంచి చుక్కలు రాలతాయి.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఓరుగల్లు గారికి పెడల్ ఎత్తు మీద అందుకోవడం మంచి ఆధారమైంది. హైడ్రాలిక్‌లో అరుగుదలను ఫ్లూయిడే సర్దుకుంటుంది కాబట్టి అందుకునే చోటు పెద్దగా మారకపోవచ్చు, తనంతట తాను సర్దుకునే ప్రెషర్ ప్లేట్లు ఉన్న బండ్లలో అసలే మారదు. అలాంటి బండ్లలో పెడల్‌ను నమ్ముకోకుండా బోధకుడు గారు చెప్పిన ఆర్‌పీఎం పరీక్షనే నమ్మాలి.

చప్పుడు విషయం కూడా చెప్పి ముగిస్తాను. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కితే గీరుతున్నట్టు చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగు పోయినట్టు. కాలు వదిలి ఉంచినప్పుడు గుయ్యిమని మూలిగి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానించాలి. ఆ రెండో దానికి క్లచ్ సెట్ మార్చినా ప్రయోజనం ఉండదు. బండి కదిలేటప్పుడు మాత్రమే వణికితే ప్లేటు మీద నూనె పడిందో, ఫ్లైవీలు మీద వేడికి నీలి మచ్చలు ఏర్పడ్డాయో చూడాలి, అంతకంటే ముందు ఇంజనును బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చూడాలి. చిరిగిన మౌంటింగుకు క్లచ్ విప్పడం నేను డిపోలోనే చూశాను.

పాలేరు_వాహనం:

ఇంత శ్రమ ఎందుకు? హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి, మెల్లగా క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, ఆగకపోతే పోయినట్టు. మా దగ్గర అందరూ ఇలాగే చూస్తారు.

యంత్రశాల_బోధకుడు:

పాలేరు గారూ, ఆ పరీక్షలో సగం నిజం ఉంది. ఇంజను ఆగకపోతే క్లచ్ పూర్తిగా పోయిందని నమ్మవచ్చు. ఆగిపోతే మాత్రం బాగున్నట్టు చెప్పలేం. ఐడిల్‌లో, అంటే ఎక్సిలరేటర్ నొక్కకుండా ఉన్నప్పుడు, ఇంజను ఇచ్చే టార్క్ చాలా తక్కువ, అరిగిన ప్లేటు కూడా దాన్ని మోసేస్తుంది. ఓరుగల్లు గారి బండికి ఈ పరీక్ష చేస్తే ఇంజను ఆగిపోయి, క్లచ్ బాగుందన్న తప్పుడు నమ్మకం కలిగేది. పైగా హ్యాండ్ బ్రేకు బలహీనంగా ఉంటే బండి ముందుకు దూకే ప్రమాదం ఉంది. ముందు గోడ గానీ మనుషులు గానీ ఉన్నచోట చేయకూడదు. క్లచ్‌ను అలా పదే పదే జార్చితే మిగిలిన మందం కూడా తగ్గుతుంది.

మాదాపూర్_ఉద్యోగి:

నాకు ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) కారు ఉంది. క్లచ్ పెడలే లేదు కాబట్టి ఈ లక్షణాలు నాకు ఎలా తెలుస్తాయి? సాయంత్రం సైబర్ టవర్స్ నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రాఫిక్‌లో బండి పాకుతూ వెళుతుంటే ఈమధ్య కుదుపు ఎక్కువైంది.

ఆటోనగర్_పనిముట్టు:

2014లో సెలెరియోతో మన దేశంలో ఏఎంటీ కార్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. చాలామంది వాటిని పూర్తి ఆటోమేటిక్ అనుకుంటారు. లోపల ఉన్నది అదే పొడి క్లచ్ ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు. మీ కాలు చేసే పనిని ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అంతే తేడా. కాబట్టి అదీ అరుగుతుంది, మీకు చెప్పే పెడల్ లేదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది. మాన్యువల్ మోడులో నాలుగో గేరు పెట్టి, పైన చెప్పిన ఆర్‌పీఎం పరీక్ష మీరూ చేయవచ్చు.

సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఆగితే ప్లేటు జారదు, ఆ సమయంలో యాక్చుయేటర్ క్లచ్‌ను పూర్తిగా విడదీసి ఉంచుతుంది. అరిగేది బంపరుకు బంపరు ఆనించినట్టు పాకేటప్పుడూ, ఫ్లైఓవరు ఎత్తు మీద బ్రేకు బదులు ఎక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టేటప్పుడూ. ముందు బండికి రెండు కార్ల దూరం ఇచ్చి, ఒకేసారి కదిలితే క్లచ్ పూర్తిగా పట్టుకునే అవకాశం దొరుకుతుంది. కుదుపు మాత్రం ప్లేటు వల్లే అని చెప్పలేం. స్కానర్‌తో క్లచ్ అందుకునే చోటును బండి కంప్యూటరుకు మళ్ళీ నేర్పిస్తే కొన్నిసార్లు పోతుంది. ప్లేటు మార్చినా ఈ నేర్పించే పని తప్పనిసరిగా చేయాలి, స్కానర్ లేని చోట ఏఎంటీ క్లచ్ పని ఒప్పుకోకండి.

బర్మింగ్‌హామ్_తెలుగు:

ఇక్కడ మాన్యువల్ డీజిల్ కార్లు చాలా ఉన్నాయి. వాటిలో తరచుగా ఎదురయ్యే ఒక విషయం మన ఊళ్ళలో పెద్ద డీజిల్ కార్లు కొన్నవారికీ పనికొస్తుంది. చాలా బండ్లలో ఫ్లైవీలు ఒకే ముక్కగా కాకుండా, మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉంటుంది. దాన్ని డ్యూయల్ మాస్ ఫ్లైవీలు అంటారు. ఆ స్ప్రింగులు సడలితే ఇంజను ఆపే క్షణంలో లోపల గడగడమని కొట్టుకుంటుంది, ఐడిల్‌లో కూడా చప్పుడు వస్తుంది. ప్లేటు జారకపోయినా ఆ చప్పుడు వస్తే క్లచ్ పని దగ్గరపడిందని చూసుకోవాలి. దాన్ని మామూలు ఫ్లైవీలులా లేతు మీద పెట్టి చెక్కకూడదు, చాలా ఖరీదు కూడా. అందువల్ల డీజిల్ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఇంజను స్టార్టు చేయడమే కాకుండా, ఆపేటప్పుడు కూడా చెవి పెట్టి వినాలి.

ఓరుగల్లు_ప్రయాణం:

కేబుల్ సర్దించాను. నట్టు దాదాపు మరల చివరికి వచ్చి ఉంది, అతికష్టం మీద కొంచెం ఫ్రీ ప్లే దొరికింది. పరీక్ష మళ్ళీ చేస్తే తేడా రెండు వందలకు తగ్గింది గానీ పోలేదు. నలుగురు ఎక్కితే మళ్ళీ పెరుగుతోంది. ఇక సెట్ మార్పించడానికే నిర్ణయించుకున్నాను. అయితే గ్యారేజీలో కేవలం ప్లేటు మారిస్తే సగం ఖర్చులో అవుతుందంటున్నారు. అలా చేయించవచ్చా? గేర్‌బాక్సు దించినప్పుడు నేను దగ్గరుండి ఏమేమి చూడాలి?

ఆటోనగర్_పనిముట్టు:

మీరు సరైన క్రమంలో వచ్చారు, ఇప్పుడు ఖర్చు పెట్టడంలో అనుమానం లేదు. ప్లేటు ఒక్కటే మార్పించుకోవద్దు. కూలిలో ఎక్కువ భాగం గేర్‌బాక్సు దించి ఎక్కించడానికే. 86,000 కిలోమీటర్లు నడిచిన ప్రెషర్ ప్లేటునూ బేరింగునూ మళ్ళీ లోపల పెట్టి, రేపు బేరింగు మూలిగితే అదే కూలి రెండోసారి ఇవ్వాలి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకే తయారీదారువి, సీలు తీయని పెట్టెలో ఉన్నవి తీసుకోండి. వాలియో, ల్యూక్, ఎక్సెడీ వంటి పేర్లతో నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. కేబుల్ కూడా కొత్తది వేయించండి, దాని ఖరీదు తక్కువే.

పాత ప్లేటు బయటకు వచ్చాక చేతిలోకి తీసుకుని చూడండి. రాపిడి పొర మీద రివెట్లు గుంటల్లో కూర్చుని ఉంటాయి. రివెట్ తల మీద అర మిల్లీమీటరు కూడా మందం మిగలకపోతే ప్లేటు పని అయిపోయినట్టే. రివెట్ తల మెరుస్తూ పైకి తేలి ఉంటే అది ఫ్లైవీలును కూడా గీరి ఉంటుంది. మందం బాగానే ఉండి, ముఖం నల్లగా తడిసి ఉంటే అది అరుగుదల కాదు, నూనె. ఇంజను వెనక సీలు గానీ గేర్‌బాక్సు సీలు గానీ కారుతోందన్నమాట. ఆ సీలు మార్చకుండా కొత్త సెట్ వేస్తే అదీ తడుస్తుంది. మందం ఉండి, ముఖం అద్దంలా మెరుస్తుంటే వేడికి గడ్డకట్టింది. ఈ మూడింటిలో ఏది కనిపించిందో చూస్తే తరువాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ఫ్లైవీలు మీద గోటితో అడ్డంగా గీరితే గాడి తగిలినా, నీలి మచ్చలు లేదా సన్న పగుళ్ళు కనిపించినా లేతుకు పంపాలి, కంపెనీ చెప్పిన హద్దు దాటి అరిగి ఉంటే మార్చాలి. మీది ఒకే ముక్క ఫ్లైవీలే కాబట్టి లేతు పని కుదురుతుంది. లోపల పేరుకున్న పొడిని గాలి పైపుతో ఊదనివ్వకండి. పాతకాలపు ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమనండి. మా కుర్రాళ్ళకు ఇది చెప్పీ చెప్పీ ఇప్పటికి అలవాటు చేశాను.

ప్లేటును మధ్యకు సరిగ్గా చేర్చే కడ్డీ వాడుతున్నారో లేదో చూడండి. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒకటి పూర్తిగా బిగించి మరొకటి మొదలుపెట్టకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. షాఫ్టు పళ్ళకు రాసే గ్రీజు పలుచగా ఉండాలి, ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి కొత్త ప్లేటు మీద పడుతుంది. రిలీజ్ బేరింగును నెట్టే ఫోర్కు బుష్ వదులుగా ఉంటే అదీ ఇప్పుడే మార్పించండి.

బండి బయటకు వచ్చాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ బరువు వేయకుండా, ఎత్తుల మీద రేసింగు ఇవ్వకుండా నడపండి. ఈ దశలో కొద్దిగా వాసన వస్తే భయపడవద్దు. ఆ తరువాత ఒకసారి ఫ్రీ ప్లే కొలిపించి, కావాలంటే నట్టు సర్దించండి. ఆ రోజు మరల మీద నట్టు ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి, ప్రతి సర్వీసుకూ దానితో పోల్చి చూస్తే ప్లేటు ఎంత అరిగిందో విప్పకుండానే తెలుస్తుంది.

కోనసీమ_కారు:

డిపో గారూ, మీరు చెప్పినట్టే రిజర్వాయరులో మట్టం కనీస గీతకు దిగువన ఉంది, పెడల్ పైన కార్పెట్ తడిగా ఉంది. మాస్టర్ సిలిండరు మార్చి, గాలి తీసి, కొత్త ఫ్లూయిడ్ పోశారు. రివర్సు ఇప్పుడు చప్పుడు లేకుండా పడుతోంది. గేర్‌బాక్సు దించాల్సిన అవసరం రాలేదు. ఫ్లూయిడ్ ఎంతకాలానికి మార్చాలో కూడా చెప్పండి.

డిపో_గ్యారేజి:

అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం కాబట్టి సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి మార్చడం మంచిది. మీ మాన్యువల్‌లో వేరే గడువు రాసి ఉంటే దాన్నే పాటించండి. డబ్బా మూత మీద రాసి ఉన్న డాట్ సంఖ్యకు తగినదే పోయించండి. కార్పెట్ కింద పడిన ఫ్లూయిడ్‌ను నీళ్ళతో కడిగించండి, లేకపోతే అది పెయింటును తినేసి రేకుకు తుప్పు పట్టిస్తుంది.